వెన్నెలది సంస్కృతమట!

తమ్ముడికి పాప పుట్టింది. "అక్కా, ప్రకృతికి సంబంధించింది, అచ్చ తెలుగుది, చిన్న పేరొకటి చెప్పవే" అన్నాడు. వెన్నెల అన్నాను. ఇందాక ఫ్యామిలీ గ్రూప్‌లో మా మరదలు ఏదో పిల్లల పేర్ల యాప్ నుంచి స్క్రీన్‌షాట్ పడేసింది. "వెన్నెల. మూలం: సంస్కృతం. లక్కీ నంబర్: 5." దాని కింద మా పెద్దమ్మ దణ్ణం ఎమోజీ. ఎవరికి దణ్ణమో, ఎందుకో!

ఒళ్లు మండిపోయింది. సంస్కృతంలోదే కావాలంటే జ్యోత్స్న ఉంది, కౌముది ఉంది, చంద్రిక ఉంది, నిక్షేపంగా పెట్టుకోండి. వెన్నెల జోలికి రాకండి. అందులో ముందున్నది 'వెల్', అంటే తెలుపు. గోడకి వేసే వెల్లలోనూ, వెల్లుల్లిలోనూ ఉన్నది అదే. నెల అంటే చంద్రుడు. నెలవంక, నెలరాజు అంటాం కదా, ఆ నెల. ఒకటో తారీఖు జీతం కోసం ఎదురుచూసే నెల కూడా ఆయన పుణ్యమే. తమిళంలో వెణ్ణిలా, కన్నడంలో బెళదింగళు... అక్కడా తెలుపూ చంద్రుడే. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో హాయిగా దొరికే మాట ఈ యాప్ రాసిన మహానుభావుడికి మాత్రం దొరకలేదు.

అక్కడితో ఆగారా? మరదలి వాళ్ల నాన్నగారు దిగారు. "చంద్రుడికి సొంత వెలుగు లేదు కదమ్మా, పిల్ల ఒకరి మీద ఆధారపడుతుందేమో!" పున్నమి చంద్రుడి వెలుగు సూర్యుడి వెలుగులో సుమారు 4 లక్షలో వంతు. ఆ కాస్తతోనే రాత్రంతా నెట్టుకొస్తున్నాడు పాపం. మరి ఈయనగారి సొంత వెలుగెంతో పొద్దున్నే వచ్చే ఫార్వర్డులు చూస్తే తెలుస్తుంది.

ఇదే యాప్ చూసి పెద్దాడికి ఆరవ్ అని పెట్టుకున్నారు. అర్థం 'ప్రశాంతత' అట. నిఘంటువు తీస్తే ఆరవమంటే చప్పుడు, అరుపు. వాడు ఆ పేరు నిలబెట్టాడనుకోండి, అది వేరే సంగతి.

అసలు నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. నా కూతురు పుట్టినప్పుడు నెలవంక అని పెడదామనుకున్నా. "సగం చంద్రుడేమిటే, అశుభం" అని తీసిపారేసింది ఈ దణ్ణం ఎమోజీ పెద్దమ్మే. సాక్షాత్తూ శివుడు నెత్తిన పెట్టుకుంటే లేని అశుభం మా ఇంట్లోకొచ్చేసరికి పుట్టుకొచ్చింది. నేనేమో బాలింతని, వాదించే ఓపిక లేదు. ఆవిడ చెప్పిన పేరే పెట్టాం. ఇప్పుడు దాని క్లాసులో అదే పేరుతో ఇంకో ముగ్గురు. టీచర్ ఇంటిపేరు పెట్టి పిలిస్తే తప్ప మా పిల్ల తలెత్తదు.

అలాంటి పెద్దమ్మ ఇందాక గ్రూప్‌లో ఏం రాసిందో తెలుసా? "వెన్నెల వద్దులే, నెలవంక అయితే ముద్దుగా ఉంటుంది. మన ఇంట్లో ఎవరూ పెట్టుకోలేదు కదా."

ఎవరూ పెట్టుకోలేదట. ఎందుకు పెట్టుకోలేదో ఆవిడనే అడగండి!