గుడికి వెళ్లే దారిలోనే ఉన్న ఊరు

మేరీలాండ్‌లోని లాన్హామ్ శివ విష్ణు ఆలయానికి వచ్చే మనవాళ్లలో చాలామందికి గ్రీన్‌బెల్ట్ అంటే వాషింగ్టన్ చుట్టూ తిరిగే బెల్ట్‌వే రహదారి మీద ఒక ఎగ్జిట్, మెట్రో గ్రీన్‌లైన్‌లో చివరి స్టేషన్. నాకూ చాలా ఏళ్లు అంతే. ఒక ఆదివారం దర్శనమయ్యాక పిల్లల్ని కాసేపు ఆడిద్దామని పాత గ్రీన్‌బెల్ట్ వైపు కారు తిప్పాం. అక్కడి చెరువు చుట్టూ నడిచాం.

చెరువు అనే అంటాను, లేక్ అనబుద్ధి కాదు. అది దానంతట అది పుట్టింది కాదు. మన చెరువుల్లాగే మనుషులు తవ్వి, కట్ట వేస్తే నిండింది. ఆ మనుషులు 1930ల మాంద్యంలో పనులు పోయినవాళ్లు. వాళ్లకు పని, తక్కువ జీతాల కుటుంబాలకు మంచి ఇల్లు దొరకాలని అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఏకంగా ఒక ఊరే కట్టించింది. విస్కాన్సిన్‌లో గ్రీన్‌డేల్, ఒహాయోలో గ్రీన్‌హిల్స్ కూడా అప్పుడు కట్టినవే. 1937లో ఇక్కడ తొలి కుటుంబాలు గృహప్రవేశం చేశాయి. మొత్తం 885 ఇళ్లు.

ఇళ్లకు రెండు ముఖాలు. కారు ఆపే వైపు ‘సర్వీస్ సైడ్’, పచ్చిక వైపు ‘గార్డెన్ సైడ్’. పిల్లలు రోడ్డు దాటే పని లేకుండా నడకదారులు రోడ్ల కిందుగా పోతాయి. మా చిన్నది ఆ సొరంగంలో ఒక కేక వేసి, అది తిరిగి వినపడగానే మళ్లీ వెనక్కి పరిగెత్తింది. ఎనభై ఏళ్లుగా ఎంతమంది పిల్లలు అక్కడ అలా కేకలేశారో!

ఒక మాట దాచకూడదు. ఈ ఊరు కట్టిన కూలీల్లో నల్లజాతివాళ్లు ఉన్నారు, కానీ వాళ్లకు ఇక్కడ ఇల్లు ఇవ్వలేదు. ఇప్పుడు ఊళ్లో అందరికంటే ఎక్కువమంది వాళ్లే. అయినా ఆ అన్యాయం చెప్పకుండా ఈ ఊరి కథ చెప్పడం తప్పు.

1950లలో ప్రభుత్వం ఊరిని అమ్మేసింది. ఇళ్లను అక్కడివాళ్లే సహకార సంఘంగా ఏర్పడి కొనుక్కున్నారు. ఖాళీ భూమిలో చాలా భాగం బిల్డర్ల చేతికి పోయింది. ఊరి కోసమే సేకరించిన అడవిలో సుమారు 1,100 ఎకరాలు మాత్రం 1950లో జాతీయ పార్కులను చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్‌కు దక్కింది. అదే ఈనాటి గ్రీన్‌బెల్ట్ పార్క్. వాషింగ్టన్ నుంచి పన్నెండు మైళ్ల దూరంలో టెంట్ వేసుకుని పడుకోవచ్చు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఊరి పత్రిక. 1937 నుంచీ ఊరివాళ్లే నడుపుకుంటున్నారు. 1960లలో ఒక బిల్డర్ తన స్థలంలో ఎక్కువ ఇళ్లు కట్టుకోనివ్వమని నగర కౌన్సిల్‌ను అడిగాడు. అదే సమయంలో స్కూలు కోసం ఊరికి కావలసిన ఇంకో స్థలమూ ఆయనదే. మీటింగులో జనం లేచి, ఈ రెంటికీ ముడిపెట్టి బేరమాడటం ‘బ్లాక్‌మెయిల్’ అన్నారు. పత్రిక ఆ మాటను ఉన్నదున్నట్టు వేసింది. ఆయన పరువునష్టం దావా వేస్తే కింది కోర్టు 17,500 డాలర్లు కట్టమంది. 1970లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. బహిరంగ సభలో కోపంతో అన్న మాటను నేరారోపణగా ఎవరూ అర్థం చేసుకోరని చెప్పింది.

ఆ కేసు గురించి చదివినప్పుడు నాకు తట్టింది ఒకటే. ఆ సాయంత్రం అంతమంది మీటింగుకు వెళ్లారు! మనం ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్ చూస్తాం, వెనకాల చెట్లుంటే సంతోషిస్తాం. ఆ చెట్లు కొట్టేసి టౌన్‌హోమ్‌లు కడతామని నోటీసు వస్తే మాత్రం జంక్ మెయిల్‌తో పాటు చెత్తబుట్టలో వేస్తాం. నేనూ వేశాను. రెండేళ్ల తర్వాత మా ఇంటి వెనకాల బుల్‌డోజర్ దిగినప్పుడు వాట్సాప్ గ్రూపులో అందరం బాధపడ్డాం. అంతకుముందు జనం అభిప్రాయం అడిగే హియరింగ్‌కు వెళ్లింది ఒక్కరూ లేరు.

అందుకే మన సంఘం కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఈసారి కార్తీక వనభోజనాలు గ్రీన్‌బెల్ట్ పార్క్‌లో పెట్టండి. ఆ నెలలోనే ఒక సాయంత్రం, మనలో ఎవరి ఊళ్లో కౌన్సిల్ మీటింగ్ ఉంటే అక్కడికి పదిమందిమి కలిసి వెళదాం. కార్లలో చోటు నేను చూస్తాను.