పొటాషియం 6.2: జబ్బు ఒంట్లో ఉందా, ట్యూబులో పుట్టిందా?

రిపోర్టులో పొటాషియం 5 దాటకూడదు, 6.2 అని కనిపిస్తే ఇంటిల్లిపాదికీ గాభరా. వైట్‌ఫీల్డ్‌లో కొడుకు దగ్గరికొచ్చి ఉంటున్న అనంతపురం పెద్దాయనకు అరటిపండు, కొబ్బరినీళ్ళు బంద్. బీపీ మాత్ర ఆపాలా అని డాక్టరుకు ఫోను, ఈసీజీకి పరుగు. మర్నాడు మళ్ళీ పరీక్ష చేయిస్తే 4.4. అందరూ కలిసి ల్యాబువాళ్ళను తిట్టుకుంటారు. నిజానికి మెషిన్ సరిగ్గానే కొలిచింది, ఆ పొటాషియమూ ఆయనదే. కాకపోతే అది ఎర్ర రక్తకణాల లోపల ఉండాల్సింది, దారిలో బయటికి కారింది. కణం లోపలున్న ద్రవమే సైటోసాల్. బెంగళూరులో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే వ్యాపారం ఇంత పెరిగినా, ఆ ద్రవాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

బళ్ళో కణం బొమ్మ వేసినప్పుడు కేంద్రకానికి ఒక రంగు, మైటోకాండ్రియాకు ఒక రంగు వేసి, మధ్యలో తెల్లగా వదిలేస్తాం. ఆ తెల్లజాగాయే సైటోసాల్. కాలేయ కణంలో సగానికి పైగా అదే. 1965లో జీవరసాయన శాస్త్రవేత్త లార్డీ ఈ మాట వాడుకలోకి తెచ్చినప్పుడు దాని అర్థం, కణాలను పగలగొట్టి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక అడుక్కి దిగకుండా పైన మిగిలిన ద్రవమని. నిర్వచనమే 'మిగిలింది' అయితే ఇక గౌరవం ఎక్కడిది! అలాగని అదేం నీళ్ళు కాదు. మిల్లీలీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటుంది, కోడిగుడ్డు తెల్లసొనకు రెండు మూడు రెట్లు. సంక్రాంతి ముందు రాత్రి మెజెస్టిక్‌లో రాయలసీమ బస్సుల దగ్గర ఎంత సందు ఉంటుందో ఒక అణువుకు అక్కడా అంతే. ఇక కాల్షియం లోపలికన్నా బయట పది వేల రెట్లు ఎక్కువ. పొటాషియం అందుకు తిరగబడి, ఎర్ర రక్తకణంలో లీటరుకు సుమారు 100 మిల్లీమోల్స్, బయట సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో, 3.5 నుంచి 5. లోపలికీ బయటికీ మధ్యనున్న కణం పొరకు చిల్లు పడితే ఏమవుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

జబ్బుల్లో దీని పాత్రకు ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా 14 రోజులు ప్రైమాక్విన్ ఇచ్చేముందు జీ6పీడీ పరీక్ష ఎందుకు? ఆ ఎంజైమ్ ఉండేది సైటోసాల్‌లో. మైటోకాండ్రియా లేని ఎర్ర రక్తకణానికి ఆక్సీకరణ దెబ్బను కాచుకోవడానికి అదొక్కటే ఆధారం. అది తక్కువున్నవాళ్ళకు మందే రక్తకణాలను పగలగొడుతుంది. లివర్ రిపోర్టులో కనిపించే ఎస్‌జీపీటీ దాదాపుగా సైటోసాల్ ఎంజైమే కాబట్టి కాలేయ కణం పొర కాస్త దెబ్బతిన్నా రక్తంలోకి జారుతుంది. దాని పక్కనే ఉండే ఇంకో ఎంజైమ్ ఎస్‌జీఓటీ కాలేయంలో ఎక్కువ భాగం మైటోకాండ్రియాలో ఉంటుంది. అందుకే అది ఎస్‌జీపీటీకి రెండింతలు దాటితే డాక్టర్లు మద్యం సంగతి అడుగుతారు. అంటే మనం డబ్బు కట్టి చదివించుకునే లివర్ రిపోర్టు చాలామటుకు సైటోసాల్ కారుడు లెక్క.

ఇంటి దగ్గర శాంపిల్ తీయడం పెద్దవాళ్ళకు వరమే కదా, అసలు రోగాల మూలం జన్యువుల్లో ఉంటే ఈ ద్రవం గొడవేంటి అంటారు కొందరు. వరమే, ఒప్పుకుంటాను. అయితే మూలం ఎక్కడున్నా డాక్టరు చేతికొచ్చేది ఆ ట్యూబులో తేలిన అంకె మాత్రమే.

ఆ ట్యూబులో ఏం జరుగుతుందో చూడండి. ఒంట్లోంచి తీసినంత మాత్రాన కణం పని మానదు. సైటోసాల్‌లో గ్లైకాలసిస్, అంటే చక్కెరను మెట్లు మెట్లుగా విరగ్గొట్టే పని, నడుస్తూనే ఉంటుంది, గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తినేస్తుంది. పొద్దున ఏడింటికి మారతహళ్ళిలో తీసిన రక్తం, ఇంకో ఆరిళ్ళు తిరిగి, సిల్క్ బోర్డు సిగ్నల్ దాటి ల్యాబుకు చేరేసరికి పది. పరగడుపు షుగర్ 110 ఉన్నవాళ్ళకు రిపోర్టులో 90 చుట్టుపక్కల వస్తుంది. ప్రీడయాబెటిస్ మాయం! బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉందిగా అంటారా? ఫ్లోరైడ్ ఆపేది ఎనోలేజ్ అనే ఎంజైమ్‌ను, అంటే గ్లైకాలసిస్ పది మెట్లలో తొమ్మిదోదాన్ని. పైమెట్లు ఆగేదాకా మొదటి గంట, గంటన్నర చక్కెర కరుగుతూనే ఉంటుంది. ఫ్లోరైడ్‌తోపాటు సిట్రేట్ కూడా కలిపిన ట్యూబు వాడాలి, లేదా ట్యూబును వెంటనే మంచుముక్కల నీళ్ళలో పెట్టి అరగంటలో సెంట్రిఫ్యూజ్ చేయాలి, అంటే గిరగిర తిప్పి కణాలను వేరుచేయాలి.

అలాగని అన్ని ట్యూబులనూ ఒకే ఐస్‌డబ్బాలో పడేస్తే ఇంకో తంటా. చలికి, పొటాషియాన్ని కణం లోపలికి తోడే సోడియం-పొటాషియం పంపు పడకేస్తుంది, కణం పగలకుండానే పొటాషియం బయటికొస్తుంది. కణం పగిలితే సీరం గులాబిరంగుకు తిరుగుతుంది కాబట్టి టెక్నీషియన్ కనిపెట్టగలడు. ఈ చలి కారుడుకు రంగు మారదు. ఒకే డబ్బా షుగర్‌ను కాపాడుతూ పొటాషియాన్ని పాడుచేస్తుందన్నమాట.

రక్తం తీసే చేతిలోనూ ఉంది తంటా. స్పిరిట్ ఆరకముందే గుచ్చడం, సన్నసూదితో సిరంజిని గట్టిగా లాగడం, ఆ సిరంజిలోంచి ట్యూబులోకి బలంగా నొక్కడం, ట్యూబును దగ్గుమందు సీసాలా ఊపడం, వీటన్నిటికీ కణాలు పగులుతాయి. పట్టీ నిమిషం దాటి బిగించి "పిడికిలి మూసి తెరవండి సార్" అంటే కణం పగలకపోయినా పొటాషియం పెరుగుతుంది. ఊదామూత ట్యూబులో ఉండేది, రక్తం గడ్డకట్టకుండా కాల్షియాన్ని పట్టేసే పొటాషియం ఉప్పు. అందులోని రక్తం సీరం తీసే పసుపుమూత ట్యూబులోకి కాస్త పోశారో, పొటాషియం పైకి, కాల్షియం కిందికి. ఈ కల్తీ వల్ల నిజంగా పొటాషియం తగ్గిన మనిషికి కూడా నార్మల్ అని రావచ్చు. నాకు భయమంతా ఆ నార్మల్‌తోనే.

మన నగరం దేన్నైనా వేగంతోనే కొలుస్తుంది. 'ఆరు గంటల్లో రిపోర్టు' అని హోర్డింగులు కనిపిస్తాయి. సూది తీసిన క్షణం నుంచి సెంట్రిఫ్యూజ్ దాకా ఎంతసేపు పట్టిందో చెప్పే హోర్డింగు ఎక్కడైనా ఉందా? కుర్రాడికి ఇంటికింత అని డబ్బులిచ్చి, ట్యూబు ఎన్నింటికి చేరిందో అడగకపోతే వాడు ఇంకో ఇల్లు పట్టుకోక ఏం చేస్తాడు? తప్పు వాడిదని నేననను. ఆ దారిలెక్క వేసినవాళ్ళది. జెల్ ఉన్న పసుపుమూత ట్యూబును అరగంట నిలబెట్టి గడ్డకట్టనివ్వాలి. మన దగ్గర ఆ అరగంట బైకు డిక్కీలో, ఔటర్ రింగ్ రోడ్డు గుంతల మీద గడుస్తోంది.

కొత్త యంత్రాల్లో చాలావరకు ప్రతి సీరానికీ హిమోలిసిస్ సూచిక, అంటే కణాలు ఎంత పగిలాయో చెప్పే అంకె, తమంతట తామే కొలుస్తాయి. ఆ అంకె యంత్రంలో ఉంటుంది, మన చేతికొచ్చే కాగితం మీద ఉండదు. రక్తం తీసిన టైము, తిప్పిన టైము, ఆ సూచిక, ఈ మూడూ పొటాషియం పక్కన అచ్చువేయాలి. పాడైన శాంపిల్‌ను తిప్పిపంపి, రెండోసారి ఉచితంగా తీసే ల్యాబుకే అపార్ట్‌మెంట్ సంఘాలు హెల్త్ క్యాంపు కాంట్రాక్టు ఇవ్వాలి. ఈలోగా రేపు తలుపు తట్టే కుర్రాడిని అడగాల్సింది ఒకటుంది: "బాబూ, మాది నీ మొదటి ఇల్లా, ఆఖరిదా?"