ఇంతవరకూ బడికి రాని సమ్మతి పత్రం గారికి

మహారాజశ్రీ సమ్మతి పత్రం గారి దివ్యసముఖానికి, ఏడో తరగతి బి సెక్షను బాలిక తండ్రి అనేక నమస్కారాలు చేసి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమ క్షేమసమాచారాలు కూడా తెలియజేయవలసిందని కోరుదామంటే, తమ చిరునామా రాజ్యాంగంలో తప్ప మరెక్కడా దొరకడం లేదు, అక్కడికి పిన్‌కోడ్ లేదు. అందుకే ఈ ఉత్తరాన్ని బహిరంగంగా రాయవలసి వచ్చింది.

తమరు 1950 జనవరి 26న పుట్టారు. ఇరవై ఎనిమిదో అధికరణం మూడో ఖండంలో తమ కాపురం. రాజ్యం గుర్తింపు పొందిన లేదా రాజ్యనిధి నుంచి సాయం పొందే ఏ విద్యాసంస్థలోనైనా చదువుకుంటున్న వ్యక్తి, తాను సమ్మతిస్తే తప్ప, మైనరైతే సంరక్షకుడు సమ్మతిస్తే తప్ప, అక్కడి మతబోధలో పాల్గొనాలని గానీ ఆరాధనకు హాజరు కావాలని గానీ ఆ వ్యక్తిని నిర్బంధించరాదని ఆ ఖండం చెబుతుంది. ఆ ‘సమ్మతిస్తే తప్ప’ అన్న చోటే తమ జననం. ఇంత ఘనమైన ఇంట్లో పుట్టిన తమరు ఏడున్నర దశాబ్దాలలో ఒక్కసారైనా మా బడి గడప తొక్కారేమోనని పాత విద్యార్థులను, వారి తల్లిదండ్రులను, చివరికి ముప్పై ఏళ్లుగా గంట కొడుతున్న అటెండరును కూడా విచారించాను. తమర్ని చూసినవారు ఒక్కరూ లేరు.

తమ బంధువర్గం మాత్రం మా ఇంటికి తరచుగా వస్తూనే ఉంటుంది. పిల్లలను జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లడానికి ఒక పత్రం వచ్చింది, దానిలో పులి దగ్గరకు వెళితే బడికి బాధ్యత లేదని స్పష్టంగా ఉంది. నులిపురుగుల మాత్ర మింగించడానికి ఒకటి వచ్చింది. విద్యార్థులకు కేటాయించే అపార్ గుర్తింపు సంఖ్య ఇవ్వడానికి ఒకటి, అమ్మాయి ఫొటోను బడి ప్రచార కరపత్రంలో వేసుకోవడానికి ఇంకొకటి వచ్చాయి. కడుపులోని పురుగు గురించి నా అభిప్రాయం అడిగిన బడి, మనసులోని దేవుడి గురించి మాత్రం అడగనవసరం లేదనుకుంది.

మాఘమాసంలో జరిగిన సంగతి తమకు విన్నవించుకుంటాను. వసంత పంచమికి ముందురోజు సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది: పసుపు రంగు దుస్తులు, కొబ్బరికాయ ఒకటి, అరటిపళ్లు రెండు, పెన్ను ఒకటి తప్పనిసరిగా పంపవలెను. ఆ ‘తప్పనిసరి’ కొబ్బరికాయకే వర్తిస్తుందా, పిల్లకు కూడానా అన్నది ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నలభై రెండు మంది నమస్కారం బొమ్మ పెట్టారు, నేను నలభై మూడోవాణ్ణి. ఈ ఉత్తరంలో నేను ఫిర్యాదుదారుణ్ణే కాక ముద్దాయిని కూడానని తమరు ఇక్కడే గమనించగలరు.

మర్నాడు మూడో పీరియడు లెక్కలు. పాఠం బీజీయ సమాసాలు. సజాతి పదాలను మాత్రమే కూడవచ్చునని, విజాతి పదాలను కూడరాదని మాస్టారు బోర్డు మీద రాస్తుండగానే గంట మోగిందట. పిల్లలందరినీ కింద హాల్లోకి వరుసగా దింపి, సజాతి విజాతి భేదం లేకుండా ఒకే మొత్తంగా కూడేశారు. సంకల్పం చెప్పేటప్పుడు పూజారి గారు గోత్రాలు అడిగారు. సగం మందికి తెలియదు, మా అమ్మాయికీ తెలియదు. గోత్రం తెలియనివారు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చునన్నది మన వాడుకే కనుక, హాజరుపట్టీలో పేరున్న ప్రతి బిడ్డా, బక్రీద్‌కు సెలవు పెట్టే పిల్లలతోను, క్రిస్మస్‌కు కేకు తెచ్చే పిల్లలతోను సహా, ఆ పూటకు కాశ్యప గోత్రోద్భవులయ్యారు. ఐదో పీరియడు ముగిసేదాకా గోత్రం అలాగే ఉండి, భోజనం గంట కొట్టగానే ఎవరి ఇంటిపేరు వారికి తిరిగి వచ్చింది.

నేను నాస్తికుణ్ణి కానని తమరికి మనవి చేసుకోవాలి. మా అమ్మాయికి అక్షరాభ్యాసం బాసరలోనే చేయించాము. టికెట్టు తీసుకుని, వరుసలో నిలబడి, పలక మీద బియ్యం పోసి, దాని వేలు పట్టుకుని దిద్దించాను. ఆ రోజు కూడా నేను ఏ పత్రం మీదా సంతకం పెట్టలేదు. కానీ ఆ టికెట్టు నేను కొన్నది, ఆ రైలు నేను ఎక్కింది. ఎవరూ నా పిల్లను లెక్కల క్లాసు మధ్యలోంచి లేపి బాసర తీసుకుపోలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ అమ్మాయి చెప్పిన మాట వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను. తన పక్కన కూర్చునే పిల్ల, ఇంట్లో నమాజు చేసుకునే పిల్ల, అందరితో పాటు చేయి చాచిందట. తీర్థం అరచేతిలో పడింది. తాగాలో వద్దో తెలియక ఆ నీళ్లు కారిపోకుండా వేళ్లు బిగించి పట్టుకుని, మా అమ్మాయి చెవిలో ‘తాగనా?’ అని అడిగిందట. ‘టీచర్ చూస్తున్నారు, తాగేయ్’ అని ఇది సలహా ఇచ్చిందట. చెప్పి, పెరుగు వేయమంది. అది దానికి పెద్ద విషయంగా కూడా తోచలేదు. రాజ్యాంగ నిర్మాతలు ఎంతో ఆలోచించి తమరికి అప్పగించిన ఉద్యోగాన్ని, తమరు రాకపోవడంతో, పన్నెండేళ్ల నా కూతురు రెండు మాటల్లో నిర్వర్తించింది.

ప్రిన్సిపాల్ గారిని కలిశాను. ఆవిడ ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, ‘ఇది మతం కాదండీ సార్, మన సంస్కృతి’ అన్నారు. సంస్కృతికి గోత్రం ఎందుకు మేడమ్ అని అడిగాను. ‘ఎవరినీ బలవంతం చేయలేదు, ఒక్కరైనా కాదనలేదు’ అన్నారు. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు ఊరికే అనలేదు. సగం అంగీకారం పిల్లల మౌనం నుంచి వస్తే, మిగిలిన సగం బడివారు తమ సొంత ఖర్చుతో జతచేసి పూర్తి చేస్తున్నారు. పైగా తమది ప్రైవేటు సంస్థ కనుక రాజ్యాంగం సర్కారు బడులకే వర్తిస్తుందని ఆవిడ నమ్మకం. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ వెనక గోడ మీద ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అని జానెడేసి అక్షరాలతో ఉంది. తమ ఇంటి గుమ్మం ఆ ‘గుర్తింపు’ అన్న మాటలోనే ఉందని నేను చెప్పబోయాను గానీ, అంతలో ఫీజుల విషయమై మరొకరు వచ్చారు.

నిజానికి పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడికైతే తమరు వెళ్లనే అక్కరలేదు. అక్కడ మతబోధ అసలే కూడదని అదే అధికరణం మొదటి ఖండం చెబుతుంది, సంతకాలతో నిమిత్తం లేదు. 1948 డిసెంబరు 7న రాజ్యాంగ పరిషత్తులో ఈ చర్చ జరిగినప్పుడు డాక్టర్ అంబేద్కర్ చెప్పిన కారణాలలో ఒకటి సామాన్యుడికి కూడా అర్థమయ్యేదే: అందరి దగ్గరా వసూలు చేసిన పన్నును ఏదో ఒక మతానికి ఖర్చు చేయకూడదు. అయినా పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే హాల్ టికెట్లను పటం ముందు పేర్చి కుంకుమ పెట్టే సర్కారు బడులు ఉన్నాయి. ఆ టికెట్లలో కొన్నింటి మీద కుంకుమ చెరిపేసుకోవాలనుకునే పిల్లల ఫొటోలు కూడా ఉంటాయి. వాళ్లు చెరపరు. నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా అన్న సామెత మన భాషలో ఉండగా, గుంపులోంచి ఒక్కతే లేచి బయటకు వెళ్లిన పిల్ల గురించి ఏ సామెతా నాకు గుర్తు రావడం లేదు.

మతబోధ కూడదు సరే, ప్రార్థన మతబోధ అవుతుందా అని అడిగేవారున్నారు. ప్రశ్న చిన్నదేమీ కాదు. కేంద్రీయ విద్యాలయాల ఉదయ ప్రార్థనలో చదివే ‘అసతో మా సద్గమయ’ మీద 2017లో సుప్రీం కోర్టులో పిటిషన్ పడింది. అది ఉపనిషత్తు వాక్యమే అయినా అందరికీ చెందిన సత్యమని ప్రభుత్వం తరఫున వాదించారు. సుప్రీం కోర్టు చిహ్నం మీద ఉన్న ‘యతో ధర్మస్తతో జయః’ కూడా మహాభారతంలోదే కదా అని గుర్తుచేశారు. ఇద్దరు న్యాయమూర్తులు విని, ఇది రాజ్యాంగ ధర్మాసనం తేల్చవలసిన విషయమని 2019 జనవరిలో పైకి పంపారు. చీకటి నుంచి వెలుగులోకి నడిపించమనే ప్రార్థన ఇలా కోర్టు మెట్లెక్కడంలో ఉన్న హాస్యాన్ని తమరి వంటి శాసన సంతానం నాకంటే బాగా ఆస్వాదించగలదు.

తమరికి ఇంగ్లండులో ఒక దాయాది ఉన్నాడని తెలుసా? అక్కడ బడిలో ప్రతిరోజూ సామూహిక ఆరాధన జరిపి తీరాలని 1944 నాటి చట్టమే నిర్బంధించింది. ఇష్టం లేని తల్లిదండ్రులు లేఖ రాసి తమ బిడ్డను దాని నుంచి తప్పించవచ్చు. అంటే అక్కడ వద్దన్నవాడు కాగితం రాయాలి, ఇక్కడ కావాలన్నవాడు సంతకం పెట్టాలి. కాగితం మీద చూస్తే మనమే ఒక మెట్టు పైన ఉన్నాము. తేడా ఏమిటంటే, అక్కడి కాగితం నిజంగా కాగితం.

ఇదంతా ఒక్క మతానికే అంటగడుతున్నానని అనుకోవద్దు. నేను చదువుకున్నది గుంటూరు జిల్లాలోని ఒక మిషనరీ బడిలో. ప్రభువు నేర్పిన ప్రార్థనను నేను ఇప్పటికీ నిద్రలో లేపినా తప్పు లేకుండా చెప్పగలను, గాయత్రి మాత్రం ఒకచోట తడబడతాను. అక్కడ కథోలిక పిల్లలను జ్ఞానోపదేశానికి పంపి, మిగిలినవాళ్లకు నీతిశాస్త్రం అనే పీరియడు పెట్టేవారు. మిగిలినవాళ్లు వేరే ఉన్నారని ఎవరో గమనించినట్టే కదా, అంతవరకు సంతోషం. ఉదయం ప్రార్థనకు మాత్రం ఆ తేడా ఉండేది కాదు, అందరమూ కళ్లు మూసుకోవలసిందే. మూయనివాణ్ణి పట్టుకోవాలంటే పట్టుకునేవాడు కూడా కళ్లు తెరవాలన్న తర్కం మాకు అప్పట్లో తట్టలేదు. మా నాయనమ్మతో చెబితే, ‘ఏ దేవుడైతేనేంరా, లెక్కలు వచ్చాయా లేదా?’ అంది. వచ్చాయి. నాకు జరిగిన నష్టమేమీ లేదు, ఉందని బుకాయించను కూడా. కానీ ఎవరూ అడగలేదన్నది నలభై ఏళ్ల తర్వాత, నా కూతురు పెరుగు వేయమన్నప్పుడు, మొదటిసారి స్ఫురించింది.

ఇదే బడులు మాల వేసుకుని నల్లబట్టలతో వచ్చిన అయ్యప్ప స్వామిని యూనిఫారం లేదని గేటు దగ్గర నిలబెట్టడమూ కద్దు. పిల్లవాడు తనంతట తాను ఎంచుకున్న భక్తికి క్రమశిక్షణ అడ్డు వస్తుంది, బడి ఎంచిన భక్తికి కాలపట్టిక కూడా అడ్డు రాదు.

పిల్లలకేం తెలుసని అనేవారికి 1985 నాటి కేరళ ముచ్చట చెప్పాలి. అక్కడ బిజో, బిను, బిందు అనే ముగ్గురు తోబుట్టువులు పదో తరగతి, తొమ్మిదో తరగతి, ఐదో తరగతి చదువుతూ, తమ విశ్వాసం ఒప్పుకోదని జాతీయ గీతం పాడలేదు. పాడుతున్నంతసేపూ గౌరవంగా నిలబడ్డారు. బడి వారిని వెళ్లగొట్టింది. 1986 ఆగస్టులో సుప్రీం కోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు మన తెలుగువారే. అది ఆరాధన కేసు కాదు, నిజమే. కానీ ఐదో తరగతి పిల్ల మూసుకున్న నోటికి దేశపు అత్యున్నత న్యాయస్థానం విలువ కట్టింది. మా హాల్లో ఆ పిల్ల బిగించిన గుప్పెటకు విలువ కట్టేవారెవరూ లేకపోయారు.

అందరూ కలిసి చెప్పదగినది బడిలో ఏమీ లేదా అంటే ఉంది. నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాసిన ప్రతిజ్ఞను పిల్లలందరూ చేయి చాచి చదువుతారు. దానిలో ఏ దేవుడి పేరూ లేదు, గోత్రమూ అడగదు. చాచిన చేతిలో ఎవరూ ఏమీ పోయరు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను ప్రిన్సిపాల్ గారిని కలిసిన ఫలితమో ఏమో, ఈ నెల శ్రీరామనవమి ముందు మా ఇంటికి ఒక కాగితం వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో సమ్మతి పత్రం అని ఉండడంతో, తమరే విచ్చేశారనుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చదివాను. ‘రెండు, మూడు, నాలుగు పీరియడ్లలో జరిగే కల్యాణోత్సవంలో మా పిల్ల పాల్గొనుటకు సంతోషముతో అంగీకరించుచున్నాను’ అని ఒక వాక్యం, దాని పక్కన ఒకే ఒక గడి. ‘అంగీకరించని వారు ఆ రోజు పిల్లలను బడికి పంపనవసరం లేదు, హాజరు పడదు’ అని అడుగున చిన్న అక్షరాలు. తండ్రి సంతకానికి చోటు ఉంది, తల్లి సంతకానికి ఉంది, క్లాసు టీచర్ సంతకానికి కూడా ఉంది. అమ్మాయి కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి, ‘నాది ఎక్కడ నాన్నా?’ అంది.

వచ్చింది తమరు కారని అప్పుడు అర్థమైంది. తమ పేరు పెట్టుకుని తిరుగుతున్నవారెవరో వచ్చారు. తగు చర్య తీసుకోగలరు. ప్రస్తుతానికి నేను స్కేలు పెట్టి ఆ గడి కింద మరో గడి గీశాను. దాని పక్కన ‘మా పిల్ల ఆ మూడు పీరియడ్లూ లెక్కల మాస్టారి దగ్గర కూర్చుని విజాతి పదాల సంగతి పూర్తిచేయును’ అని రాసి, టిక్కు పెట్టే పని అమ్మాయికే వదిలేశాను. పెన్ను మాత్రం పూజలో పెట్టిందే.

చిత్తగించవలెను.

ఇట్లు,
తండ్రి / తల్లి / సంరక్షకుడు
(వర్తించనిది కొట్టివేయవలెను)