ఇల్లాలికి హెచ్‌ఐవీ రాదన్న సందేశానికి జవాబు

హెచ్‌ఐవీ గురించి ‘మన ఆడపిల్లలను కాపాడుకుందాం’ అన్న శీర్షికతో తిరుగుతున్న సందేశాన్ని మిత్రులు ఒకరి తర్వాత ఒకరు పంపుతూనే ఉన్నారు. చదువుకున్నవారు సైతం ‘తప్పక చదవండి’ అని చేర్చి మరీ పంపుతున్నందున జవాబు రాయక తప్పడం లేదు.

దోమకాటుతో హెచ్‌ఐవీ వస్తుందన్న మొదటి అంశానికి ఒక్క వాక్యం చాలు: ఆ వైరస్ దోమలో వృద్ధి చెందదు, దోమ మనలోకి వదిలేది తన లాలాజలాన్నే తప్ప అంతకు ముందు తాగిన రక్తాన్ని కాదు. కలయిక తర్వాత లోపల కడుక్కుంటే సరిపోతుందన్న రెండో అంశం అబద్ధమే కాదు, హానికరం కూడా. దానివల్ల యోనిలోని మేలు చేసే బ్యాక్టీరియా దెబ్బతింటుంది.

అసలు కోపం తెప్పించింది మూడో అంశం. ‘కట్టుబాటు గల ఇల్లాలికి ఈ జబ్బు రాదు, పరీక్షలు, కండోమ్‌లు ఆమెకు అవమానం’ అట. వైరస్ నడవడిక ధ్రువపత్రం అడిగి లోపలికి వస్తుందని ఈ మహానుభావుడికి ఎవరు చెప్పారో గానీ, ప్రపంచంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో దాదాపు 53 శాతం స్త్రీలూ బాలికలే. భర్తను తప్ప మరొకరిని ఎరుగనివారు వారిలో ఎందరో ఉన్నారు. ఆమె ఎంత నిష్ఠగా ఉన్నా, ఆయన పరీక్ష చేయించుకోనంత కాలం ఆమెకు తెలిసింది సగమే. పెళ్లికి ముందు నెగెటివ్ వచ్చిందన్న ధీమా కూడా చాలదు, ఎందుకంటే సోకిన తొలి రోజుల్లో వైరస్ పరీక్షకు చిక్కదు. ఇంట్లో చేసుకునే కిట్లకైతే 90 రోజుల వరకు పట్టవచ్చు. కండోమ్ అడిగిన భార్యను ‘నన్నే అనుమానిస్తావా’ అని నిలదీసే మగవాడికి ఇప్పుడు ఈ సందేశం కూడా తోడైంది. అభినందనలు.

బడిలో లైంగిక విద్య చెబితే పిల్లలు చెడిపోతారని ఆ సందేశం చూపే భయానికీ ఆధారం లేదు. అలాంటి పాఠాల వల్ల పిల్లలు లైంగిక సంబంధాలకు తొందరపడటం లేదని యునెస్కో 2018 మార్గదర్శకాల్లో క్రోడీకరించిన అధ్యయనాలు చూపాయి. పాజిటివ్ స్త్రీ తల్లి కాకూడదన్నది మరో ఆజ్ఞ. మందులేవీ వాడకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం ఉంటుంది గానీ, గర్భంలోనూ పాలిచ్చే కాలంలోనూ వైరస్‌ను అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పక వాడితే అది 5 శాతం లోపుకు దిగుతుంది.

‘ఎన్ని ప్రచారాలు చేసినా ఒరిగిందేమీ లేదు’ అన్న చివరి మాటను మాత్రం పూర్తిగా తోసిపుచ్చలేను. కండోమ్ వాడమని ఆమెకు చెప్పే పోస్టరు, నిర్ణయం అతనిదైన చోట ఆమెకు కొరగాదు. అందుకే అతని అనుమతి అక్కర్లేని సాధనాల గురించి చెప్పాలి: వైరస్ సోకకుండా ముందుగానే రోజూ వేసుకునే ప్రెప్ మాత్రలు, అదే రక్షణకు నెలకోసారి తానే యోనిలో అమర్చుకునే డపివిరిన్ మందు రింగు, ఆరు నెలలకోసారి తీసుకునే లెనాకపవిర్ ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 16 నుంచి 25 ఏళ్ల యువతులపై జరిగి 2024లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. బలవంతం జరిగినా, కండోమ్ చిరిగినా వెంటనే మొదలుపెట్టి 28 రోజులు వాడాల్సిన పెప్ మందులూ ఉన్నాయి; మొదటి మోతాదు 72 గంటల్లోపే పడాలి, ఎంత ముందు పడితే అంత మేలు.