బల్ల దగ్గర బొట్టు చూసే పని మనది కాదు

పోయిన డిసెంబరులో పరకాల దగ్గర మనం స్లాబు వేయించిన చర్చి మందిరం ప్రతిష్ఠకు డాలస్‌లోని మన అసోసియేషన్ నుంచి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. ఫోటోలు అందరూ గ్రూపులో చూశారు. రిబ్బను, దాతల పేర్లతో శిలాఫలకం, కొత్త ఫ్యాన్లు, చివర్లో మటన్ భోజనాలు. ఆ ఫోటోల్లో రాని సంగతి ఒకటుంది. కార్యవర్గం (ఈసీ) మీటింగులో చెబుదామంటే రెండు నిమిషాలకు మించి టైము ఇవ్వరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ప్రతిష్ఠ ఆరాధన అయ్యాక ప్రభు సంస్కారం, అంటే మనం ప్రభువు బల్ల అనేది, జరిగింది. ఆడవాళ్ల వైపు, నాకు రెండు వరుసల ముందు, జంపఖానా మీద ఒక అక్క కూర్చుంది. తల మీద కొంగు, మెడలో నల్లపూసలు, నుదుట కందిగింజంత బొట్టు. రొట్టె పళ్లెం దగ్గరికి వస్తుంటే ఎడమ అరచేతి మీద కుడి అరచేయి పెట్టి చేతులు చాపింది. పళ్లెం ఆమె ముందు ఆగలేదు. పక్కామెకు వెళ్లిపోయింది. పెద్దాయన చూసుకోలేదేమో అనుకున్నట్టుంది, ఆమె చేతులు అలాగే ఉంచింది. వరుస చివరిదాకా వెళ్లిన పళ్లెం వెనక్కి రాకపోయేసరికి కొంగు సర్దుకుంటున్నట్టుగా చేతులు దించుకుంది. ద్రాక్షరసం గ్లాసులు వచ్చినప్పుడు చాపనే లేదు.

తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఆమె బాప్తిస్మం తీసుకున్నది ఆ ఊరి సంఘంలోనే. అత్తగారింట్లో ఎవరూ విశ్వాసులు కారు. బొట్టు తీస్తే ఇంట్లో గొడవ, పెట్టుకుంటే గుళ్లో గొడవ. ఆ మధ్య సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్లతో కలిసి ఆడిన ఫోటో ఎవరో సంఘం గ్రూపులో పెట్టారు. అయినా ఆ సంఘం పాస్టరు అయ్యగారు ఇన్నేళ్లుగా ఆమెకు సంస్కారం ఇస్తూనే ఉన్నారు. మరి ఆ రోజు ఎందుకు ఇవ్వలేదంటే, ఆయన నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అన్నారు: "మీరు రాసిచ్చిన కాయితంలనే ఉంది గద మేడం."

ఉంది. నాలుగో షరతు. మొదటి విడత డబ్బుతో పాటు మన చారిటీ కమిటీ పంపిన కాగితంలో, సంఘం "పవిత్రత" కాపాడాలనీ, బొట్టు, తాయెత్తు, బతుకమ్మ లాంటివి మానని వారికి ప్రభువు బల్లలో పాలు ఇవ్వకూడదనీ రాసి ఉంది. అది రాసినవాళ్ల ఉద్దేశం చెడ్డదని నేను అనను. వాళ్లు నాకు తెలుసు, ప్రార్థనాపరులు. కానీ హృదయశుద్ధి గురించి మన గ్రంథం చెప్పేదానికీ ఆ షరతుకూ పొంతన లేదు.

"హృదయశుద్ధిగలవారు ధన్యులు, వారు దేవుని చూచెదరు." మత్తయి సువార్త ఐదో అధ్యాయం, కొండమీది ప్రసంగం. సండేస్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చే మాట. ఆ మాట విన్న జనానికి శుద్ధి అంటే ఏమిటో చాలా గట్టి లెక్కలున్నాయి. ఏది తినాలి, ఎవరిని తాకకూడదు, చేతులు ఎలా కడగాలి, గిన్నెలు ఎలా తోమాలి. మార్కు ఏడో అధ్యాయంలో చేతులు కడుక్కోకుండా తిన్నారని శిష్యుల మీద తగువు పెట్టుకున్నది ఆ లెక్కల కోసమే. దానికి యేసు ఇచ్చిన జవాబు మనకు తెలిసిందే. బయటినుంచి లోపలికి పోయేది మనిషిని అపవిత్రం చేయదు, లోపలినుంచి వచ్చేదే చేస్తుంది. ఆ వచ్చేవాటిని ఆయన వరసగా చెప్పాడు: దొంగతనం, లోభం, కృత్రిమం, మత్సరం, అహంభావం, ఇంకా కొన్ని. పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడిచే సంఘపెద్దకు ఆ మొత్తంలో ఏది కనపడుతుంది? బొట్టు కనపడుతుంది గానీ అది అందులో లేదు.

దీని అర్థం ఏం చేసినా చెల్లుతుందని కాదు. కొండమీది ప్రసంగం చదివినవాళ్లకు తెలుసు, ఆయన బరువు తగ్గించలేదు, పెంచాడు. నరహత్య దాకా పోనక్కర్లేదు, కోపం దగ్గరే పట్టుకున్నాడు. వ్యభిచారం దాకా పోనక్కర్లేదు, చూపు దగ్గరే పట్టుకున్నాడు. ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వొద్దన్నాడు. మన శిలాఫలకం మీద ఎన్ని పేర్లున్నాయో నేను లెక్కపెట్టలేదు, కానీ ఎవరి పేరు పైన రావాలని ఎన్ని ఫోన్లు నడిచాయో కమిటీలో ఉన్న అందరికీ తెలుసు.

మా బాపు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో దడ్వాయి, అంటే సరుకు తూచేవాడు. మిర్చి సీజన్ అంటే మా ఇంటికి ఘాటు ముందొచ్చేది, ఆయన వెనకొచ్చేవాడు. కండ్లు ఎర్రగా, ముక్కుకు కట్టుకున్న దస్తీ మెడలోకి జారి, చెవి సందున నీలం పెన్ను. అంగీ విప్పి అమ్మకు ఇస్తే ఆమె దులపకుండా నేరుగా నీళ్లలో ముంచేది. కాంటా మీద బస్తా పడగానే తూకం గట్టిగా పిలిచి, చిట్టీ మీద రాయడం ఆయన పని. ఆ అంకెను బట్టే రైతుకు తక్‌పట్టీ, అంటే డబ్బు లెక్క చిట్టీ. ఒక రాత్రి ములుగు దిక్కునుంచి వచ్చిన రైతు సరుకు తూస్తుంటే, బస్తాకో కిలో తగ్గించి రాయమని అడ్తి (కమీషన్ వ్యాపారి) గుమాస్తా సైగ చేశాడట. రైతు హమాలీలకు చాయ్ చెప్పడానికి అటు పోయి ఉన్నాడు. చూసేవాళ్లు లేరు. బాపు మామూలు కంటే గట్టిగా పిలిచాడు, "నలబై రెండున్నర!" అని, చాయ్ దగ్గరున్న రైతుకు వినపడేటట్టు. అదే రాశాడు. ఆ సీజనంతా ఆ అడ్తి ఆయన్ను పిలవలేదు. అమ్మ చుట్టిన బీడీల మీద ఇల్లు గడిచింది. ఇంటికొచ్చి ఆయన సామెతల్లోని ఒక్క వాక్యం చదివి పడుకున్నాడని అమ్మ చెప్పేది: "దొంగత్రాసు యెహోవాకు హేయము."

ఆ రైతు క్రైస్తవుడు కాడు. ఆ ఏడు బతుకమ్మ ముందర గోనెసంచిలో తంగేడు, గునుగు కోసుకుని హన్మకొండలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పూలు ఎవరికి ఇస్తున్నాడో, వాళ్లు ఏ గుడికి పోతారో ఆయన ఆలోచించినట్టు లేదు. అమ్మ సగం పూలు పక్కింటి పద్మక్క వాళ్ల బతుకమ్మకు ఇచ్చి, మిగతా సగం స్టీలు చెంబులో పెట్టి ఆదివారం చర్చిలో ప్రసంగ వేదిక పక్కన ఉంచింది. సాయంత్రం పక్కింటినుంచి వచ్చిన నువ్వుల సద్ది, పెరుగు సద్ది మేమందరం తిన్నాం. ముందు పెట్టినదాన్ని గురించి మనస్సాక్షి పేరుతో ఆరా తీయకుండా తినమని పౌలు కొరింథీయులకు రాసిన అధ్యాయం అమ్మకు తెలుసో లేదో నాకు తెలియదు. ఆమె ఆరా తీయలేదు, అంతే.

ఇంత నిక్కచ్చి మనిషి బాపు, మా అక్కకు ఒక మంచి సంబంధం వస్తే ఏం చేశాడో కూడా చెప్పాలి. అబ్బాయి చర్చి యూత్‌లో పాటలు పాడేవాడు, టీచరు ఉద్యోగం, అలవాట్లేమీ లేవు. ఇరు కుటుంబాలూ తరతరాల విశ్వాసులు. కాకపోతే మేం మాలలం, వాళ్లు మాదిగలు. బాపు ఒక్కటే మాట అన్నాడు: "మనోళ్లు గాదు బిడ్డా." మార్కెట్‌లో కిలో కోసం సీజను పోగొట్టుకున్న మనిషి, ఇంట్లో బిడ్డ ముందు ఆ తూకం వాడలేదు. అక్క ఏడ్చింది, తర్వాత వేరే సంబంధం చేసుకుంది, ఇప్పుడు బాగానే ఉంది. బాపును నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. కానీ ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం పళ్లెం ఆయన ముందు ఆగింది. ఆయన రొట్టె తీసుకున్నాడు. ఎవరూ ఆపలేదు, ఆపాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. మన ఊళ్లలో మాల చర్చి, మాదిగ చర్చి అని వేరువేరుగా నడుస్తుంటే దాన్ని అపవిత్రత అని ఏ షరతులోనూ రాయని మనం, కందిగింజంత బొట్టును మాత్రం రాశాం. ద్విమనస్కులారా, మీ హృదయాలు పరిశుద్ధపరచుకోండి అని యాకోబు రాసింది ఇలాంటి రెండు మనసుల గురించే అని నా నమ్మకం. బజారులో ఒక మనసు, బిడ్డ పెళ్లిలో ఇంకో మనసు ఉండకపోవడమే శుద్ధి.

ఇంకో సంగతి, నొప్పించాలని కాదు. ఆ మందిరంలో బొట్టు లేకుండా కూర్చున్నవాళ్లలో చాలామంది సర్టిఫికెట్లలో హిందూ మాల, హిందూ మాదిగ అనే ఉంటుంది. మన ఇళ్లలోనూ అంతే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారినట్టు రాయించుకుంటే బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషనే. పిల్లల చదువు కోసం, ఉద్యోగం కోసం మనవాళ్లు కాగితం మీద ఒకటీ మనసులో ఒకటీ పెట్టుకుని బతుకుతున్నారు. ఆ తప్పు వాళ్ల మీద వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. చట్టం పెట్టిన ఇబ్బందిలో మగవాళ్ల కాగితాన్ని అర్థం చేసుకోగలిగిన మనం, అత్తగారు పెట్టిన ఇబ్బందిలో ఒక ఆడమనిషి బొట్టును ఎందుకు అర్థం చేసుకోలేకపోతున్నాం?

పెద్దల వాదన నాకు తెలియనిది కాదు. ప్రభువు పాత్రలోదీ దయ్యాల పాత్రలోదీ రెండూ తాగలేరని అదే పౌలు అదే పత్రికలో అన్నాడు. మొదటి తరం విశ్వాసులకు బొట్టు తీయడం, తాయెత్తు తెంచడం చిన్న విషయం కాదు. పోచమ్మ పోస్తుందని, బాణామతి తగులుతుందని వణికిన ఇళ్లలో ఆ తాయెత్తు తెగితే భయం తెగింది. నేను ఆ సాక్ష్యాలు వింటూ పెరిగాను, వాటిని తేలిక చేయను. బల్ల దగ్గరికి ఎలా పడితే అలా రాకూడదన్నదీ నిజమే. అయితే దానికి పౌలు చెప్పిన పద్ధతి చదవండి: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను." తన్ను తాను. పక్కవాణ్ణి పరీక్షించమనో, డాలస్‌లో కూర్చుని పరకాల పక్క ఊరివాళ్లను పరీక్షించమనో ఆయన రాయలేదు.

అసలు మనం ఎవరిమో మరిచిపోతున్నామని నాకు బాధ. హన్మకొండకు బాప్టిస్టు మిషన్ 1879లో వచ్చింది. ఆ తర్వాత ఎంతకాలానికో మా అమ్మమ్మ పుట్టింది. అప్పటికి కూడా ఊరి బావి గిలక ముట్టుకునే హక్కు ఆమెకు లేదు. ఎవరో ఒకరు దయతలచి చేది పోసేదాకా కుండతో దూరంగా నిలబడేది. యోహాను నాలుగో అధ్యాయం, బావి దగ్గర సమరయ స్త్రీ కథ, చదువురాని ఆమె మొత్తం ఒప్పజెప్పేది. ముట్టుకోకూడని మనిషిని పట్టుకుని ఆయనే నీళ్లు అడిగాడు కదా అని ప్రతిసారీ కళ్లు తుడుచుకునేది. కుష్ఠరోగిని తాకినవాడు, రక్తస్రావంతో ఉన్న ఆమె తన అంగీ ముడితే కోప్పడనివాడు, అందుకే ఆమెకు దేవుడయ్యాడు. మైల, అంటు అన్న మాటలతో తరతరాలు తొక్కిన జనం మనం. మనం వచ్చి కూర్చున్న బల్ల దగ్గరే మళ్లీ అంటు పాటించడం మొదలుపెడితే అమ్మమ్మ ముఖం ఎలా చూడాలి?

డోర్నకల్ గుడి చూసినవాళ్లు గుర్తు చేసుకోండి. 1912లో బిషప్పయిన అజరయ్య గారు, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు, కట్టించిన ఆ గుడిలో మసీదు గుమ్మటాల తీరూ ఉంది, దేవాలయ స్తంభాల తీరూ ఉంది. దాని ప్రతిష్ఠ 1939లో జరిగింది. ఈ మట్టి గుర్తులకు ఆ తరం అంతగా భయపడలేదు.

హృదయం శుద్ధి చేసుకోవడం మన చేతుల్లో ఉన్న పనే అయితే దావీదు ఆ కీర్తన రాయనక్కర్లేదు. బత్షెబ విషయంలో, ఊరియా చావు విషయంలో పట్టుబడిన రాజు బలులు అర్పించి సరిపెట్టుకోలేకపోయాడు. "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అని అడుక్కున్నాడు. పేతురు కూడా యెరూషలేము సభలో అన్యజనుల గురించి అదే అన్నాడు, వాళ్ల హృదయాలను విశ్వాసం వల్ల దేవుడే పవిత్రపరిచాడని, మనకూ వాళ్లకూ ఏ భేదమూ చూపలేదని. ఇచ్చేవాడు ఆయన. ఎవరికి ఇచ్చాడో చూడగలిగేదీ ఆయనే. ఆ అక్క అత్తగారింట్లో ఎలా ప్రార్థన చేసుకుంటుందో, ఎవరూ లేవకముందు ఏ మూల మోకరిస్తుందో మన కమిటీకి ఏం తెలుసు?

ఫిబ్రవరి ఈసీలో రెండో విడత డబ్బు ఓటింగుకు వస్తుంది. ప్రహరీగోడకు, ఆడవాళ్ల టాయిలెట్లకు. ఆ డబ్బు ఆపమని నేను అడగడం లేదు, ఎండాకాలం లోపల అవి కట్టాలి. నాలుగో షరతు కొట్టేసి పంపమని అడుగుతున్నాను. సంస్కారం ఎవరికివ్వాలన్నది ఆ సంఘానికి, ఆ అయ్యగారికి వదిలేద్దాం. మొదటి కాగితం వెనక్కి తీసుకుంటున్నామని ఒక ఉత్తరం, అధ్యక్షుడి సంతకంతో, ఆరాధనలో చదివి వినిపించేటట్టు పంపాలి. తీర్మానం నేను ప్రతిపాదిస్తాను. బలపరిచేవాళ్లు ఒకరు కావాలి. చేయి ఎత్తడానికి మొహమాటపడే అక్కలు ముందే నాకు ఫోన్ చేయండి, మాట్లాడుకుందాం.