రికార్డు పబ్లిక్కే, మీరే థర్డ్ పార్టీ

చిన్న ఊళ్ల కోర్టుల్లో పాత రికార్డులు దొరకవని నోరు పారేసుకునే జనం ఈమధ్య ఎక్కువయ్యారు. ఈ అపవాదుని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఎందుకు దొరకవండీ? దావా నెంబరు, సంవత్సరం, ఏ కోర్టు, వాది ఎవరు, ప్రతివాది ఎవరు, తీర్పు ఏ తేదీన వచ్చింది, ఈ ఆరు ముక్కలూ మీ దగ్గర ఉంటే చాలు, మిగతాదంతా వాళ్లే చూసుకుంటారు. మిగతాది అంటే ఇంకేం లేదు, ఈ ఆరు ముక్కలూ రాసి ఉన్న కాగితం.

చట్టంలో ఎక్కడా లోటు లేదు. 1872 నాటి సాక్ష్య చట్టం 76వ సెక్షన్ ఏమంది? పబ్లిక్ డాక్యుమెంట్ ఏ అధికారి చేతిలో ఉందో ఆయన, దాన్ని చూసే హక్కు ఉన్న మనిషి అడిగితే, ఫీజు పుచ్చుకుని సర్టిఫైడ్ కాపీ, అంటే అసలుకి సరిపోయిందని సంతకం పెట్టిన నకలు, ఇవ్వాలంది. 2024 జూలై 1 నుంచి అదే సంగతి భారతీయ సాక్ష్య అధినియంలో 75వ సెక్షన్ అయింది. నూట యాభై ఏళ్లకి నెంబరు ఒకటి తగ్గింది, కాబట్టి సంస్కరణలు జరగలేదని ఎవరూ అనడానికి లేదు. కాకపోతే అందులో ‘చూసే హక్కు ఉన్న’ అని ఒక చిన్న ముక్క ఉంది చూశారూ, మన బండి ఆగేది అక్కడే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 153-బి ప్రకారం విచారణ జరిగే చోటు ఓపెన్ కోర్టు. అంటే పనీపాటా లేని ఎవరైనా వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుని, పక్క ఊరి రెడ్డిగారూ వాళ్ల తమ్ముడూ గట్టు కోసం పడే తగాదా మొత్తం, సాక్షుల నీళ్లు నమలడాలతో సహా, ఉచితంగా వినొచ్చు. సాయంత్రం రచ్చబండ దగ్గర అంతా పూసగుచ్చినట్టు చెప్పొచ్చు కూడా. కానీ మీరు విన్నదే కాగితం మీద కావాలని అడిగారనుకోండి, ఆ క్షణం నుంచి మీరు థర్డ్ పార్టీ, అంటే అటు వాదీ ఇటు ప్రతివాదీ కాని మూడో మనిషి. ఈ కాగితం నాకెందుకంటే అని అఫిడవిట్ వేయాలి, కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ‘ఏం జరిగిందో తెలుసుకుందామని’ అన్నది కారణం కిందికి రాదు. తెలుసుకోవాలన్న కోరిక పౌరుడికి ఉండకూడదని ఎవరూ అనడం లేదు, దానికి తగిన కారణం ఉండాలంటున్నారు, అంతే.

పోనీ సమాచార హక్కు ఉందిగా, పది రూపాయలు కట్టి అడిగేద్దాం అనుకునే అత్యుత్సాహవంతులకి సుప్రీంకోర్టు 2020 మార్చిలోనే, గుజరాత్ హైకోర్టు కేసులో, దారి చూపించేసింది. కోర్టు కాగితాల నకళ్లకి హైకోర్టు రూల్స్ ఉన్నాయి, ఆ దారినే రండి, ఆర్టీఐ దారిన కాదు అంది. అక్కడ ముప్పై రోజుల గడువు ఉంది, ఇక్కడ లేదు. గడువు లేని చోట ఆలస్యం అనే మాటే పుట్టదు కదా, మీరే చెప్పండి.

ఇక కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ వెబ్‌సైట్. దీన్ని వెక్కిరించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట, ఎందుకంటే నిజానికి అది బాగానే పనిచేస్తుంది. ప్రతి కేసుకీ పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నెంబరు ఇచ్చారు, అది కొడితే వాయిదా ఎప్పుడో, ఏ దశలో ఉందో వచ్చేస్తుంది. నెంబరు లేకపోతే పార్టీ పేరుతో వెతకొచ్చు, కనీసం మూడక్షరాలు, దాంతోపాటు సంవత్సరం. చిక్కల్లా ఏమిటంటే పల్లెటూరి మనిషికి భూమి గుర్తుండేది సర్వే నెంబరుతో. ఎకరం కొనబోతున్నాడు, దాని మీద ఏదైనా దావా ఉందా అని అడుగుతాడు. సర్వే నెంబరుతో వెతకడానికి అక్కడ గడి లేదు. అమ్మేవాడి పేరుతో వెతకమంటారు. అమ్మేవాడి పేరు వెంకటేశ్వర్లు. ఇంగ్లీషులో అది ఎస్ ఒక్కటేనా, పక్కన హెచ్ కూడా ఉందా, చివర ఎల్‌యూ ఉందా, ఇంటిపేరు ముందా వెనకా, ఇవన్నీ ఆనాడు టైపు చేసిన పుణ్యాత్ముడి చేతిలోని పని. మూడక్షరాలు కొడితే ఆ తాలూకాలో ఉన్న వెంకన్నలందరూ వరసగా వచ్చి నిలబడతారు. పోనీ అసలు పేరే దొరికిందనుకుందాం, కేసు వేసింది ఆయన మీద కాదు, 1987లో వాళ్ల పెదనాన్న మీద. ఆ సంవత్సరం మీకు తెలియాలి, పెదనాన్న ఉన్నాడన్న సంగతీ తెలియాలి, ఆ రెండో సంగతి అమ్మేవాడు చెప్పడు.

ఊరు ఏ జిల్లాలో ఉందో తెలుసు కదా అని ధీమా పడకండి. తెలంగాణలో 2016కి ముందు జిల్లాలు పది, ఇప్పుడు ముప్పై మూడు. కోర్టుల జిల్లాలు కూడా 2022 జూన్‌లో ముప్పై మూడయ్యాయి. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో పదమూడు కాస్తా ఇరవై ఆరయ్యాయి. కలెక్టరాఫీసు ఒక ఊరికి, రికార్డు రూము వేరే ఊరికి. తాత దావా వేసింది ఒక జిల్లాలో, తీర్పొచ్చింది అదే జిల్లాలో, మనవడు నకలు వెతుక్కునేసరికి ఊరు కదలకుండానే జిల్లా మారిపోయింది. ఆ కేసు కాగితాల కట్ట కొత్త కోర్టుకి బదిలీ అయిందా, పాత చోటే బీరువా మీద ఉందా అన్నది అక్కడ పనిచేసి రిటైరైన పెద్దాయన్ని అడగాలి. ఆయన దొరికితే మాత్రం అదృష్టమే, ఏ వెబ్‌సైటూ ఆయన ముందు బలాదూరు.

కోర్టులో నకళ్లు ఇచ్చే కాపీయింగ్ సెక్షన్ చూసి తీరాల్సిన చోటు. ఒక టేబులు, మూల చినిగిన పొడుగాటి రిజిస్టరు, జిగురు సీసా, గుచ్చే దబ్బనం, తాడుతో బిగించిన కట్టలు.

‘నెంబరు చెప్పండి.’

‘నెంబరు కోసమే వచ్చానండీ.’

‘అయితే అప్లికేషన్ పెట్టండి.’

‘అప్లికేషన్‌లో నెంబరు రాయాలంటున్నారు గదండీ.’

‘అవును, రాయాలి.’

ఇందులో ఆయన తప్పేమీ లేదు, ఆ మాటకొస్తే మర్యాదగానే చెప్పాడు. మూడు సెక్షన్ల పని ఒక్కడే చేస్తున్న మనిషి అంతకంటే ఏం చెబుతాడు.

సరే, ఎలాగో అప్లికేషన్ పెట్టారు, దానికో సీఏ నెంబరు, అంటే కాపీ అప్లికేషన్ నెంబరు, పడింది. కట్ట వచ్చాక పేజీలు లెక్కపెట్టి, ఎంత చార్జీ కట్టాలో రాసిన లిస్టు నోటీసు బోర్డుకి అంటిస్తారు. మీకు ఫోను రాదు. టీ కొట్టులో పది రూపాయలు కొడితే డబ్బా అరిచి చెప్పే కాలంలో, కోర్టు మాత్రం మిమ్మల్ని బోర్డు ద్వారానే పిలుస్తుంది. గడువులోగా ఆ చార్జీకి స్టాంపులు వేయకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. అరవై కిలోమీటర్ల అవతల పత్తి ఏరుకునే మనిషి ఆ బోర్డు రోజూ చూస్తూ ఉండాలని చట్టం ఉద్దేశం. అతను చూడలేడు గనక ప్లీడరు గుమాస్తా చూస్తాడు. ‘నిన్ననే పిలిచారు బాబూ, మీ స్టాంపులు నేనే వేసేశాను’ అని ఆయన అన్నప్పుడు కలిగే నిశ్చింత వేరు. దానికి ఆయన పుచ్చుకునే దానికి రసీదు ఉండదు, ఇంత పారదర్శకమైన వ్యవస్థలో అది అడగడం బాగుండదు కూడా.

చివరికి నకలు చేతికొస్తుంది. దాని మీద అప్లికేషన్ తేదీ, చార్జీలు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ, అన్నీ ముద్ర వేసి ఉంటాయి. ఇది అలంకారం కాదు. 1963 లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, నకలు కోసం పట్టిన కాలాన్ని అప్పీలు గడువులోంచి తీసేస్తారు. అంటే మిమ్మల్ని ఎంతకాలం నిలబెట్టారో కోర్టే లెక్క రాసి, సంతకం పెట్టి, సీలు కొట్టి మరీ ఇస్తుంది. తన ఆలస్యాన్ని ఇంత నిజాయితీగా ఒప్పుకునే ఆఫీసు ఇంకొకటి చూపించండి. అయితే ఒక మెలిక. మీరు అప్లికేషన్ పెట్టకముందు కోర్టు డిక్రీ (తీర్పు సారాన్ని ఉత్తర్వుగా రాసే కాగితం) తయారు చేయడానికి తీసుకున్న కాలం మాత్రం ఆ లెక్కలోకి రాదని వివరణలో రాశారు. కాబట్టి తీర్పు చెప్పిన రోజే, ఇంకా పుట్టని డిక్రీకి, నకలు అడిగి పెట్టుకోవడం తెలివైనవాళ్ల పద్ధతి.

డిజిటైజేషన్ వస్తోంది కదా అంటారు. వస్తోంది. ఈకోర్ట్స్ మూడో దశకి 2023లో కేంద్రం 7,210 కోట్లు మంజూరు చేసింది, అందులో రికార్డుల స్కానింగుకే రెండు వేల కోట్ల పైచిలుకు. ఇంకోపక్క అక్కర్లేని పాత కాగితాలు తగలబెట్టుకోవడానికి రూల్స్ చేసుకోండని 1917లోనే చట్టం ఉంది. స్కానర్ ముందు చేరుతుందా, అగ్గిపెట్టె ముందు చేరుతుందా అన్నది ఆయా కోర్టుల జాతకం.

ఇంత ఓపిక లేదు, వెంటనే కావాలి, అది కూడా ఉచితంగా అనేవాళ్లకి చట్టం ఒక సుఖమైన మార్గం పెట్టింది. క్రిమినల్ కేసులో జైలు శిక్ష పడితే తీర్పు చెప్పగానే ముద్దాయికి కాపీ ఉచితంగా చేతిలో పెట్టాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 363వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 404. అఫిడవిట్ లేదు, స్టాంపు లేదు, బోర్డు చూడక్కర్లేదు. కేసు నెంబరు కూడా ఎవరూ అడగరు, అది ఆయనకి ఎలాగూ కంఠతా వచ్చు.