సీసాతో పాటు పొట్టునూ పరీక్షించాలి
సీసాలోని బీరులో పురుగుమందుల అవశేషాలు పరిమితిలోపు ఉంటే చాలు, ముడిసరుకైన బార్లీని విడిగా పరీక్షించనక్కర్లేదని బీరుపై ఒక వ్యాసంలో రచయిత చేసిన వాదనతో నేను ఏకీభవించలేను. 2016లో మ్యూనిక్‌లోని ఒక పర్యావరణ సంస్థ పరీక్షించిన 14 జర్మన్ బీర్లన్నింటిలోనూ గ్లైఫోసేట్ అనే కలుపు మందు బయటపడింది. ఒకదానిలో అది లీటరుకు 29.74 మైక్రోగ్రాములు, అంటే అక్కడి తాగునీటి పరిమితి అయిన 0.1 మైక్రోగ్రాముకు దాదాపు 300 రెట్లు. ఆ మోతాదుతో ఆరోగ్యానికి ముప్పు లేదని జర్మనీ ప్రభుత్వ సంస్థ చెప్పిన మాటా వాస్తవమే. అయితే గ్లైఫోసేట్ నీటిలో కరిగేది కనుక బీరులోకి దిగింది. నీటిలో కరగక కొవ్వును అంటిపెట్టుకునే మందులు చాలావరకు బీరు తయారీలో రసం తీశాక మిగిలే బార్లీ పొట్టులోనే నిలిచిపోతాయి, వాటి జాడ సీసాలో వెతికితే దొరకదు. మా సంగారెడ్డి వైపు పాడి రైతులు ఆ తడి పొట్టును ఇంకా ఆవిర్లు కక్కుతుండగానే ట్రాక్టర్లలో తెచ్చుకుని గేదెల దాణాలో కలుపుతారు. దానికి అవశేషాల పరీక్ష చేయించినట్టు చూపే కాగితం ఇంతవరకు ఏ రైతు దగ్గరా నాకు కనిపించలేదు. సీసా శుభ్రమని తేలినంత మాత్రాన ఆ గేదెల పాలు తాగే పిల్లల సంగతి తేలినట్టు కాదు కదా! బార్లీ బీరు కర్మాగారానికి చేరినప్పుడే పరీక్షించి, ఆ నివేదిక ప్రతిని పొట్టు కొనే రైతుకూ ఇవ్వడం తప్పనిసరి చేయాలి.